తీసేటప్పుడు కరిచే క్లిప్పు

ఇల్లు, పడమటి గది
జనవరి 9

తొందరమ్మకి,

అమ్మమ్మ ఆశీస్సులు. నువ్వు ఉద్యోగంలో చేరిన పదకొండో రోజున నీ మొదటి ఉత్తరం అందింది. రెండు పేజీలు, ఐదు కొట్టివేతలు, తేదీ లేదు. ఇకమీదట తేదీ వేయి.

ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకని అడిగావు. మీ అమ్మ రోజూ నీతో ముప్పావుగంట మాట్లాడుతుంది. పెట్టేశాక "ఏమంది?" అని అడిగితే "ఏదో అంది, బాగానే ఉందట" అంటుంది. ముప్పావుగంటకి మిగిలింది అదీ. ముప్పై నాలుగేళ్లు రికార్డు గది చూసినదాన్ని. కాగితం మీద లేనిది నా లెక్కలో జరగనట్టే.

క్లిప్పుల ఫ్యాక్టరీ అని తెలిసి మీ అమ్మ "అంత చదువూ చదివి జెమ్ క్లిప్పులా" అని మూతి ముడిచింది. నేను ముడవలేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికి కాగితాలన్నీ గుండుసూదులతో గుచ్చేవాళ్లు. సాయంత్రమయ్యేసరికి వేళ్ల కొసలు జల్లెడలయ్యేవి. వానాకాలంలో సూదికి తుప్పు పట్టి కాగితం మీద ఎర్రటి మచ్చ పడేది. అలాంటి మచ్చ ఒకటి ఒక ఊరి పేరు మొత్తం తినేసింది. అది ఏ ఊరో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. ఆ గదిలో సూదులన్నీ పీకించి క్లిప్పులు పెట్టించింది నేనే. రెండేళ్లు పట్టింది.

అక్కడ క్లిప్పు ఎలా పుడుతుందో రాయి. "పెద్ద మెషీను, భలే ఉంది" లాంటి మాటలు నాకు పనికిరావు. ఎంత తీగ, ఎన్ని వంపులు, నడిపేదెవరు, అవి రాయి. తడి తువ్వాలు మంచం మీద వేయకు.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో గది
జనవరి 24

అమ్మమ్మకి,

నమస్కారాలు. తేదీ పైన వేశాను, కవరు మీదా వేశాను. చాలకపోతే చెప్పు, మధ్యలో కూడా వేస్తాను.

బండిచక్రమంత తీగచుట్ట ఒకవైపు వేలాడుతుంది. మెషీను దాన్ని లాక్కుని, పది సెంటీమీటర్ల దగ్గర తుంచి, మూడుసార్లు వంచి కింద పెట్టెలో పడేస్తుంది. నిమిషానికి రెండు వందల పైన. మూడు వంపులు, అంతే అమ్మమ్మా. ఆ తీగ ఎక్కువ మెత్తనైతే వంగి అలాగే ఉండిపోతుంది, పట్టు ఉండదు. ఎక్కువ గట్టిదైతే వంగనే వంగదు. వంచితే వంగాలి, వదిలితే వెనక్కి రావాలి. క్లిప్పు పట్టంతా ఆ వెనక్కి వచ్చే ప్రయత్నంలోనే ఉందట.

ఈ మాట చెప్పింది మేస్త్రీ గారు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ మెషీను ఆయనదే. ఆ మోతకి చెవులు మందగించి, అందరితోనూ అవతలి ఒడ్డున ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు. మొదటి రోజే అడిగారు, "నువ్వేం చేస్తావమ్మాయ్ ఇక్కడ?"

"డిజైన్ చేస్తానండి."

"దేనికి?"

"క్లిప్పుకి."

పెట్టెలోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. "ఇది అయిపోయింది కదమ్మా. నువ్వు పుట్టకముందే, నేను పుట్టకముందే చేసేశారు."

నిజమే. చదివాను. సన్నటి ఉక్కు తీగ చవగ్గా దొరకడం మొదలయ్యాక, నూట పాతికేళ్ల కిందట, అందరూ క్లిప్పుల మీద పడ్డారట. గుడ్లగూబ కళ్లలాంటిది ఒకటి, మూడు మూలలది ఒకటి, ప్రతిదానికీ ఎవరో ఒకరు పేటెంటు పుచ్చుకున్నారు. తమాషా ఏంటంటే, గెలిచి నిలిచిన ఈ ఆకారానికి మాత్రం పేటెంటు కనిపించలేదట. దాన్ని చేసే ఒక మెషీనుకి ఉంది కానీ దానికి లేదు. ఉత్తరాన ఒక మంచుదేశంలో క్లిప్పు మావాడే కనిపెట్టాడని నిలువెత్తుకన్నా పెద్ద క్లిప్పు బొమ్మ నిలబెట్టుకున్నారు. తీరా చూస్తే ఆ బొమ్మ ఆకారం ఆయన పేటెంటులోది కాదు. ఆ దేశాన్నే యుద్ధంలో పరాయి సైన్యం ఆక్రమించినప్పుడు, మేమంతా ఒక్కటిగా ఉన్నామని చెప్పడానికి కోటు అంచున క్లిప్పు పెట్టుకుని తిరిగారట.

ఇప్పుడు అసలు సంగతి. ఆర్డర్లు తగ్గాయి. మేనేజరు గారు నాకు మార్చి దాకా గడువిచ్చారు. కొత్తరకం క్లిప్పు ఏదైనా తెస్తే సరే, లేదంటే మెషీను పాత ఇనుముకి పోతుంది. మెషీను పోతే మేస్త్రీ గారు కూడా ఇంటికే. ఆయనకి ఇంకో పని రాదు, ఇంకో పని చెయ్యనూ చెయ్యరు.

అందుకని అడుగుతున్నాను. ముప్పై నాలుగేళ్లలో క్లిప్పు మీద నీకున్న ఫిర్యాదులేంటి?

నీ తొందరమ్మ


ఇల్లు, పడమటి గది
ఫిబ్రవరి 6

తొందరమ్మకి,

నాలుగు పేజీలు, ఒక కొట్టివేత. పనిలో పడ్డావు.

ఎవరు చేశారో తెలియని మంచి పని ఒకటైనా ఉందన్నమాట లోకంలో. ఎవరు చేశారో తెలియని చెడ్డ పనులైతే నా రికార్డు గదిలో అల్మరాలకొద్దీ ఉండేవి.

ఫిర్యాదులు అడిగావు. రెండున్నాయి.

మొదటిది, క్లిప్పు ఎక్కేటప్పుడు మంచిదే, తీసేటప్పుడు కరుస్తుంది. బల్ల మీద పెట్టుకుని చూడు. ఎక్కేటప్పుడు దాని రెండు కొసలూ వెనక్కి చూస్తుంటాయి, అందుకని నున్నగా జారుతుంది. దిగేటప్పుడు ఆ కొసలే ముందు నడుస్తాయి, కాగితాన్ని గీస్తాయి. అల్లుడు వచ్చేటప్పుడు ఉన్నంత మెత్తగా వెళ్లేటప్పుడు ఉండడు చూడు, అలాగ. మీ నాన్న గురించి కాదులే. ఇందుకోసం నేను విడిగా ఒక పుస్తకం పెట్టాను. చివరి ఏడాది లెక్క రాస్తున్నాను. తీసిన క్లిప్పులు ఆరు వేల నూట నలభై. గీత పడ్డ కాగితాలు నాలుగు వందల పన్నెండు. చిరిగినవి యాభై ఏడు. మేమందరం జాగ్రత్తగా తీస్తేనే ఇంత.

రెండోది, క్లిప్పుకి తన కాగితం, పరాయి కాగితం తేడా తెలియదు. ఒక కట్ట మీద ఇంకో కట్ట పెడితే పైదాని క్లిప్పు కింది కట్ట మొదటి కాగితాన్ని తగిలించుకుంటుంది. దీని గురించి ఇంకోసారి రాస్తాను.

నువ్వు మొదటిదాని సంగతి చూడు. తీసేటప్పుడు కరవని క్లిప్పు చేస్తే, రికార్డు గదుల్లో వయసు గడిపిన వాళ్లందరూ నీకు చెయ్యెత్తి దండం పెడతారు. నేను పెట్టను, పెద్దదాన్ని.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో గది
మార్చి 3

అమ్మమ్మా,

అయిపోయింది. నీ మాటే పట్టుకున్నాను. లోపలి వంపుని కొంచెం ఎత్తి పెట్టాను, కాగితానికి దారి దానంతటదే తెలిసేలా. రెండు కొసల్నీ గోరు మందంలో సగమంత బయటికి, కాగితానికి దూరంగా వంచాను. పటకారుతో నా చేత్తో చేసిన నమూనాని ఇరవైసార్లు ఎక్కించి, ఇరవైసార్లు తీశాను. ఒక్క గీత పడలేదు. మేనేజరు గారు తన కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ ఎక్కించీ తీసీ ఆడుకున్నారు, చిన్నపిల్లాడిలా.

పాత కాగితాలు దాచే ఒక పెద్ద గ్రంథాలయం వాళ్లకి చూపిస్తే వెంటనే అరవై వేలు కావాలన్నారు. పన్నెండు రోజుల్లో. మెషీనుకి కావాల్సిన బొమ్మ ఒక్క సాయంత్రంలో గీసి ఇచ్చేశాను. మేస్త్రీ గారు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "అమ్మాయ్, ఈ కొస ఇటా, అటా?" అని రెండుసార్లు అడిగారు. "బొమ్మలో ఉన్నట్టే చెయ్యండి మేస్త్రీ గారూ, టైము లేదు" అన్నాను. ఆయన నిదానం చూస్తే నువ్వే గుర్తొస్తావు.

ఇవాళ పెట్టెలన్నీ లారీ ఎక్కాయి. ఇంక మెషీను ఎక్కడికీ పోదు.

నీ తొందరమ్మ


ఇల్లు, పడమటి గది
మార్చి 12

తొందరమ్మకి,

సంతోషం. మీ అమ్మకి చదివి వినిపించాను. పక్కింటావిడకి తనే వెళ్లి చెప్పింది, ముడిచిన మూతి విప్పుకుని.

చేత్తో చేసినదాన్ని ఇరవైసార్లు తీసి చూశానన్నావు. మెషీను చేసినదాన్ని తీసి చూసినట్టు నీ ఉత్తరంలో లేదు. ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు చదివాను.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో గది
ఏప్రిల్ 8

అమ్మమ్మకి,

ఆలస్యమైంది, పని ఎక్కువగా ఉంది.

గ్రంథాలయం వాళ్లు పెట్టెలు వెనక్కి పంపారు. తీసేటప్పుడు కాగితం చిరుగుతోందట. పదకొండు పాత కాగితాలు పాడయ్యాయి. పాత మెషీను కదా అమ్మమ్మా, ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. మేస్త్రీ గారికి చూపు ఆనక మెషీను సరిగ్గా బిగించలేదని మేనేజరు గారి అభిప్రాయం. మే పదో తారీకుకి మెషీను అమ్మేస్తారట. మేస్త్రీ గారిని కూడా ఆ రోజు దాకానే రమ్మన్నారు.

ఆయన మెషీను మొత్తం విప్పి, గోనెపట్టా మీద ఒక్కో ముక్కా పరిచి తుడుస్తున్నారు. మొన్న నేను అటు వెళ్తే, "నీ బొమ్మ బాగుందమ్మాయ్, నా చెయ్యే తిరగలేదు" అన్నారు. పాపం అనిపించింది. కానీ వయసు మీద పడ్డాక ఎవరికైనా తప్పదు కదా.

నాకు మాత్రం ఏం ఇబ్బంది లేదు. ఇక్కడే పై అంతస్తు ఆఫీసులో నాకు కుర్చీ చూస్తున్నారు. నువ్వు చూస్తావని ఆ క్లిప్పులు నలభై పంపుతున్నాను. అమ్మకి ఇవన్నీ చెప్పకు.

తొందరమ్మ


ఇల్లు, పడమటి గది
ఏప్రిల్ 15

తొందరమ్మకి,

నలభై క్లిప్పులూ అందాయి. లెక్కపెట్టాను, నలభైయే. పాత నోటుపుస్తకం కాగితాల మీద ఒక్కొక్కటీ ఎక్కించి తీశాను. నలభైకి ముప్పై తొమ్మిది కాగితాలు చిరిగాయి. నలభయ్యోది మీ అమ్మ పిలిస్తే లేచి వెళ్లి, వచ్చి తీశాను. అదీ చిరిగింది.

తర్వాత కిటికీ దగ్గర భూతద్దం పెట్టి కొసలు చూశాను. నలభైలోనూ కొసలు లోపలికి, కాగితం వైపుకే తిరిగి ఉన్నాయి. అన్నీ ఒక్క వైపుకే. అన్నీ ఒక్క మేర. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

చూపు ఆననివాడు బిగిస్తే ఒకటి అటూ ఒకటి ఇటూ పోతుంది. మెషీను అరిగిపోతే రోజు రోజుకీ తేడా వస్తుంది. నలభైకి నలభై ఇలా ఉన్నాయంటే ఇది చేతకానివాడి పని కాదు. చెప్పింది చెప్పినట్టు చేసినవాడి పని.

మార్చి 3 నాటి నీ ఉత్తరం తీశాను. రెండో పేజీ, ఆరో వరుస. "ఈ కొస ఇటా, అటా?" అని ఆయన రెండుసార్లు అడిగినట్టు నీ చేతిరాతలోనే ఉంది. ఆయనకి అనుమానం వచ్చింది. నీకు టైము లేకపోయింది.

ఆడలేక మద్దెల ఓడన్నదాన్ని చూశాను. ఆ మద్దెల వాయించేవాడి చేత కూడా "అవును, ఓడే" అనిపించినదాన్ని ఇప్పుడు చూస్తున్నాను.

ఆ బొమ్మ మళ్లీ తీసి చూశావా? ఒక్క వాక్యంలో జవాబు రాయి.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో గది
ఏప్రిల్ 21

అమ్మమ్మకి,

చూశాను. గ్రంథాలయం నుంచి పెట్టెలు వచ్చిన రోజే చూశాను. పక్క నుంచి కనిపించే బొమ్మని ఎడమ వైపు నుంచి గీయాల్సింది, కుడి వైపు నుంచి గీశాను. అంతే తేడా.

ఒక్క వాక్యం అడిగావు, నాలుగు రాశాను, లెక్క రాసుకో.

చేరి నాలుగు నెలలే అయింది. ఇది చెబితే ఇంక నాకు బొమ్మ గీసే పని ఎవరూ ఇవ్వరు. ఆయనకి ఇంకో రెండేళ్లలో ఎలాగూ రిటైరుమెంటు. నువ్వు కిటికీ పక్కన కూర్చుని భూతద్దంలోంచి చూసి రాయడం తేలిక. ముప్పై నాలుగేళ్లలో నీ గదిలో ఒక్క కాగితం పోలేదని నువ్వే వందసార్లు చెప్పావు. తప్పు చేయనివాళ్లకి తప్పు చేసినవాళ్ల సంగతి ఏం తెలుస్తుంది?

నేను


ఇల్లు, పడమటి గది
ఏప్రిల్ 27

తొందరమ్మకి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు కోపంతో ఒక జవాబు రాసి చించేశాను. రెండో రోజు ఏమీ రాయలేదు. ఇది మూడో రోజు.

ఒక్క కాగితం పోలేదని వందసార్లు చెప్పిన మాట నిజం. ఒకటి పోయింది. ముప్పై ఒక్క ఏళ్ల కిందట.

నా గదిలో ఒక అటెండరు ఉండేవాడు. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. ఆ రోజుల్లో అందరిలాగే నేనూ అతన్ని నువ్వు అనే పిలిచేదాన్ని. పంతొమ్మిదేళ్లు అల్మరాల నుంచి బల్ల మీదకీ, బల్ల మీద నుంచి అల్మరాలకీ కట్టలు మోశాడు. ఏ కట్ట ఏ అరలో ఉందో రిజిస్టరు చూడకుండా చెప్పేవాడు. ఒక రోజు ఒక టీచరమ్మ ఉద్యోగం ఖాయమైన ఆర్డరు కాగితం కావలసి వచ్చింది. లేదు. మూడు రోజులు వెతికాం. పైఅధికారి నన్ను పిలిచి ఏమైందని అడిగాడు.

నేనన్న మాట అక్షరం పోకుండా గుర్తుంది. "నా గదిలో కాగితం పోదండి. పోతే మోసే చేతుల్లోనే పోవాలి."

పేరు చెప్పలేదు. మోసే చేతులు ఆ గదిలో రెండే ఉండేవి. అతన్ని గేటు దగ్గరకి మార్చి, సర్వీసు పుస్తకంలో "నిర్లక్ష్యం వల్ల దస్త్రం పోగొట్టినాడు" అని రాశారు. ఏడేళ్లు గేటు దగ్గర కూర్చుని రిటైరయ్యాడు. రోజూ ఉదయం నేను లోపలికి వెళ్తుంటే లేచి నిలబడేవాడు. నేను తలూపి వెళ్లిపోయేదాన్ని.

అతను రిటైరైన రెండు నెలలకి, మంచినీటి గొట్టాల ఫైలొకటి బైండింగుకి పంపాలని దాని క్లిప్పు తీశాను. ఆఖరి పేజీ వెనకాల, క్లిప్పు పైవంపులో ఇరుక్కుని, ఆ టీచరమ్మ కాగితం. ఎవరి చేతుల్లోంచీ పోలేదు. ఒక కట్ట మీద ఇంకో కట్ట పెట్టినప్పుడు పైదాని క్లిప్పు కిందిదాన్ని లాక్కుంది. సూదులు పీకించి ఆ గదికి క్లిప్పులు తెచ్చింది నేనే కదా. ఫిబ్రవరి ఉత్తరంలో రెండో ఫిర్యాదు గురించి ఇంకోసారి రాస్తానన్నాను. ఇదే ఆ ఇంకోసారి.

ఆ కాగితాన్ని దాని ఫైలులో పెట్టాను. రిజిస్టరులో "దొరికినది" అని రాసి తేదీ వేశాను. ఎక్కడ దొరికిందో రాయలేదు. నా ముప్పై నాలుగేళ్ల రిజిస్టర్లలో, ఎక్కడ దొరికిందో రాయని పద్దు అదొక్కటే. ఎలాగూ రిటైరయ్యాడు కదా, ఇప్పుడు చెప్పి లాభమేంటి అనుకున్నాను. నీ ఉత్తరంలో ఆ "ఎలాగూ" చదివితే నా చేతిరాతే చదివినట్టుంది.

నువ్వు తప్పు బొమ్మ గీసినందుకు నాకు కోపం లేదు. నేనూ క్లిప్పు తగిలించుకుంటుందని తెలియక కట్ట మీద కట్ట పెట్టించాను. తెలిశాక నోరు మూసుకోవడం మాత్రం వేరే పద్దు. అది రోజుకో వరుస పెరుగుతుంది. నాది ఇరవై నాలుగేళ్లు పెరిగింది. నీది ఇంకా నెల నిండలేదు.

మే పదికి పదమూడు రోజులుంది. ఈ ఉత్తరం చేరడానికి నాలుగు.

అమ్మమ్మ


ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో గది
మే 12

అమ్మమ్మకి,

చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం ఒకటో తారీకు సాయంత్రం వచ్చింది. రెండో తారీకు ఉదయం బొమ్మ తీసుకుని మేనేజరు గారి గదికి వెళ్లాను. ఆయన బొమ్మ వంక చూడను కూడా చూడలేదు. "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ. మెషీను ఎలాగూ అమ్మేస్తున్నాం. నీకు కుర్చీ వేశాం, వెళ్లి కూర్చో" అన్నారు. ఆయన నోట్లోనూ ఆ "ఎలాగూ" ఉంది.

కుర్చీ నిజంగానే వేశారు అమ్మమ్మా. కిటికీ పక్కన. నేను దాన్ని దాటుకుని కిందికి వెళ్లాను.

మేస్త్రీ గారు గోనెపట్టా మీద కూర్చుని ఉన్నారు, చుట్టూ మెషీను ముక్కలు. బొమ్మ ఆయన ముందు పెట్టి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది, మెల్లగా చెబితే వినబడదు కదా. "తప్పు నాదండీ. పక్క బొమ్మ తిరగేసి గీశాను. మీరు నేను గీసినట్టే చేశారు." పక్క మెషీన్ల వాళ్లందరూ విన్నారు.

ఆయన కళ్లజోడు తుడుచుకుని బొమ్మలో ఆ కొస మీద వేలు పెట్టారు. "రెండుసార్లు అడిగాను కదమ్మాయ్."

"అడిగారండి."

"మూడుసార్లు విప్పాను దీన్ని. మా ఆవిడ వెంటపడితే కళ్ల డాక్టరు దగ్గరకి కూడా వెళ్లాను. కళ్లు శుభ్రంగా ఉన్నాయన్నాడు. వాడికి చూడ్డం రాదనుకుని ఇంకొకడి దగ్గరకి వెళ్లాను."

తిడతారేమోనని నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. ముక్కలన్నీ ఏరుకుని, ఒక్కొక్కటీ బిగించుకుంటూ పోయారు. నేను అక్కడ లేనట్టే.

సాయంత్రానికి మెషీను బిగించి, నా బొమ్మలో ఆ కొస తనే దిద్ది, పది క్లిప్పులు చేసి మేనేజరు గారి బల్ల మీద పెట్టారు. "తీయండి సార్" అన్నారు. మేనేజరు గారు పదీ ఎక్కించి, తీశారు. కాగితం కాగితంలాగే ఉంది. కాసేపు నన్నూ, కాసేపు ఆయన్నీ చూసి, అమ్మకం సంగతి ఆపుతానన్నారు. గ్రంథాలయం వాళ్లు మళ్లీ తీసుకుంటేనే మెషీను ఉంటుంది, తీసుకోకపోతే లేదు. వాళ్లతో నన్నే మాట్లాడుకోమన్నారు.

వెళ్లాను. ఆ గ్రంథాలయంలో మా క్లిప్పులు ఎక్కించిన కాగితాలు ఇంకా తొమ్మిది వందలున్నాయి. తీస్తే చిరుగుతాయని భయపడి అలాగే వదిలేశారు. నాలుగు రోజులు కూర్చుని తీశాను. కొసల కింద సన్నటి అట్టముక్క దూర్చి, దాని మీదుగా జార్చాలి. ఒక్కటి చిరిగింది. లెక్క రాసి ఇచ్చాను. అక్కడి గ్రంథపాలకురాలు అచ్చం నువ్వే. "ముందు రెండు వందలు పంపండి, నేను తీసి చూస్తాను. ఎక్కించడం తర్వాత" అన్నారు. నిన్న కబురు వచ్చింది. అరవై వేలూ కావాలట.

డిజైనరు అన్న మాట నా గుర్తింపు కార్డు మీద నుంచి తీసేశారు. ఆరు నెలలు మేస్త్రీ గారి కింద మెషీను దగ్గర పని. కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు. బాధగా లేదని అబద్ధం రాయను.

గ్రంథాలయం నుంచి తిరిగొచ్చాక కూడా మేస్త్రీ గారు మాట్లాడలేదు. ఇవాళ పొద్దున్న మాత్రం, మొహం అటు తిప్పుకునే, "ఆ తీగచుట్ట అందుకో" అన్నారు. అందించాను. "రెండు చేతులతో పట్టుకోవాలి అమ్మాయ్, ఎన్నిసార్లు చెప్పాలి" అన్నారు. చెప్పడం అదే మొదటిసారి.

అమ్మమ్మా, నీ సంగతి ఏం చేశావు?

నీ తొందరమ్మ


ఇల్లు, పడమటి గది
మే 26

తొందరమ్మకి,

ఐదు పేజీలు. కొట్టివేతలు లెక్కపెట్టలేదు.

నీ ఉత్తరం ఆఖరి వరుస చదివి బీరువాలోంచి మంచి చీర తీశాను. పాత టైపిస్టు ఒకామె దగ్గర అతని చిరునామా దొరికింది. కూతురి దగ్గర ఉంటున్నాడు. రెండు బస్సులు మారాలి. మీ అమ్మ తోడు వస్తానంది, వద్దన్నాను. ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాను, దారిలో తడబడకుండా.

మొదటి అంతస్తు, పచ్చ తలుపు. అతనే తీశాడు. ఎనభై నాలుగేళ్లు, కర్ర పట్టుకున్నాడు. నన్ను చూసి కాసేపు ఆలోచించి, "రికార్డు గది అమ్మగారు కదూ" అన్నాడు. అని, ఆ కర్ర మీద బరువు మోపి నిటారుగా నిలబడ్డాడు. గేటు దగ్గర నిలబడ్డట్టే.

"మీరు కూర్చోండి" అన్నాను. జీవితంలో అతన్ని మీరు అనడం అదే మొదలు. ఆ మాట దగ్గరే, రాసుకున్నదంతా వరుస తప్పింది. కాగితం సంచిలోంచి తీయలేదు.

చెప్పాను. ఆ రోజు నేనన్న మాట, కాగితం దొరికిన రోజు, నేను రాయకుండా వదిలేసిన సంగతి. అయిపోయింది. క్షమించానంటాడో, పొమ్మంటాడో అని చూస్తున్నాను. అతనడిగింది వేరే.

"ఏ ఫైలు వెనకాల, అమ్మగారూ?"

"మంచినీటి గొట్టాల ఫైలు."

"మూడో అల్మరా, కింది అర" అన్నాడు వెంటనే. కళ్లు మూసుకున్నాడు. "ఆ రెండు కట్టలూ ఒకే మోతలో తెచ్చాను. ఆ రోజు పోలీసుబండి వచ్చిందని అందరూ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. నేను రెండూ మీ బల్ల మీద, ఒకదాని మీద ఒకటి పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లుగా మనసులో ఆ అల్మరాకీ మీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉన్నానమ్మా. ఎక్కడ జారిపోయిందో అని. నిజంగానే నా చేతిలోంచే జారిందేమో అని."

"జారలేదు" అన్నాను.

"ఆ టీచరమ్మ పని అయిందా?"

"రెండేళ్లు తిరిగాక నకలు ఇచ్చారు. అయింది."

"పోనీలెండి" అన్నాడు. అది ఆవిడ గురించే అన్నాడు, నా గురించి కాదు. నా గురించి ఏమీ అనలేదు.

సర్వీసు పుస్తకంలో ఆ రాత కొట్టేయమని నేను పైవాళ్లకి రాసిన అర్జీ చూపించాను. చదివి మడిచి పక్కన పెట్టాడు. "ఆ పుస్తకం ఇప్పుడు ఎవరు చూస్తారమ్మా" అని, లోపలికి కేకేశాడు. "అమ్మాయ్, ఇలా రా. ఈవిడ ఏం చెబుతున్నారో విను."

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చెప్పండి" అన్నాడు నాతో. మొదటి నుంచి చెప్పాను. మోసే చేతులు అన్న మాటతో సహా. ఆ అమ్మాయి నా మొహంలోకి సూటిగా చూస్తూ వింది. కూర్చోమని అంటుందనుకున్నాను, అనలేదు. తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

ఈలోగా ఎదురింటాయన పేపరు తిరిగివ్వడానికి వచ్చాడు. అతనికీ చెప్పమన్నాడు. చెప్పాను. మూడోసారికి వరుస తప్పలేదు. ఎదురింటాయనకి సగం అర్థం కాలేదు, "అయితే దొంగ ఎవరు?" అని అడిగాడు. "క్లిప్పు" అని మన పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు నేను పంతొమ్మిదేళ్లు విన్నదే. కూతురు నవ్వలేదు కానీ, మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.

లేవబోతుంటే గుమ్మం దాకా వచ్చాడు. అల్లుడు పని మీద ఊరెళ్లాడట, వచ్చే ఆదివారం వస్తాడట. పెళ్లైన కొత్తలో ఆ అల్లుడి చెవిన ఎవరో ఈ దస్త్రం సంగతి వేశారట. అతను పైకి ఎప్పుడూ అనలేదు కానీ, ఇంట్లో ఏ కాగితం కనిపించకపోయినా ముందు మామగారి వంక చూస్తాడట.

"అతనికి కూడా మీరే చెప్పాలమ్మగారూ. నేను చెబితే నమ్మడు" అన్నాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర బస్సుకి వెళ్తున్నాను.

అమ్మమ్మ